పన్నెండో పేరు

ఉదయం తొమ్మిదీ పదికి ఆ కాగితంలో పన్నెండు పేర్లున్నాయి. పదీ అయిదుకి పదకొండే ఉన్నాయి.

నేను ఆ ఆఫీసు మెట్లెక్కేసరికి పదకొండూ ఇరవై. మధ్యాహ్నం మూడింటికి ఆ కాగితం ఖాయమవుతుంది. నాలుగింటికి బెలారుస్ రాజధాని మిన్స్క్‌లో ఉన్న ఈ ఆఫీసు దూత దాన్ని అవతలి అధికారుల చేతిలో పెడతాడు. అందులో పేరున్న ఖైదీలు బయటికొస్తారు. పేరు లేనివాళ్ళు ఉన్నచోటే ఉంటారు.

"ఇక్కడ నేరం జరిగిందని నేననను ఇన్‌స్పెక్టర్ గారూ," అన్నాడు బ్రాండెల్. "మా ఏడు దేశాల్లో ఒక రాజధాని వాళ్ళు చిన్న స్పష్టత కోరారు. అది ఇవ్వడానికి మీ సహకారం ఉపయుక్తంగా ఉంటుందని భావించాం."

"అంటే పన్నెండోవాణ్ణి ఎవరు మాయం చేశారో మీకు తెలీదు."

"అలా కూడా అనవచ్చు."

విల్నియస్‌లో ఏడు దేశాలు కలిసి నడిపే చిన్న ఆఫీసు అది. బ్రాండెల్ దానికి పెద్ద. సరిహద్దు అవతల బెలారుస్‌లో నోరు విప్పినందుకు జైళ్ళలో పడి ఉన్నవాళ్ళ గురించి ప్రకటనలు రాయడం, లోపాయికారీగా వాళ్ళను విడిపించడం ఈ ఆఫీసు పని. గోడకి ఒక పట్టిక అంటించి ఉంది. పై నుంచి కిందికి: గమనించాం, ఆందోళన, తీవ్ర ఆందోళన, అత్యంత తీవ్ర ఆందోళన, ఖండన. అవతల ఏ స్థాయి దెబ్బ తగిలితే ఇవతల ఏ మాట వాడాలో అందులో ఉంది. మా అమ్మ క్యాబేజీ ఊరవేసేటప్పుడు ఉప్పు కూడా ఇంత కొలిచి వేసేది కాదు.

"ఏడు దేశాలూ ఒప్పుకోకుండా పేరు ఎలా పోతుంది?" అని అడిగాను.

"ఒప్పుకుంటున్నారండీ. మౌనంగా ఒప్పుకుంటున్నారు." బ్రాండెల్ ఓపిగ్గా చెప్పాడు. "మేం చిత్తుప్రతి పంపి ఒక గడువు పెడతాం. గడువులోగా ఎవరూ నోరెత్తకపోతే అందరూ సరేనన్నట్టే. పంపినవాళ్ళు కావాలంటే గడువు లోపల దాన్ని సవరించి మళ్ళీ పంపవచ్చు. ఈ రోజు గడువు మూడింటికి."

"పేరు తగ్గితే ఒక్క దేశమే అడిగిందా?"

"ఆ ఒక్కరూ స్పష్టతే కోరారు, అభ్యంతరం చెప్పలేదు. మిగతావాళ్ళు ఇంకో దేశం అడిగి తీయించి ఉంటుందనుకున్నారు. అలాంటివి అడగడం మర్యాద కాదు కదా."

లోకంలో మౌనం అర్ధాంగీకారం. ఈ ఆఫీసులో పూర్తి అంగీకారం. ఆ మర్యాద వల్లే ఒక మనిషి మిగతా శిక్షంతా లోపల అనుభవించబోతున్నాడని తలచుకుంటే నాకు ఒళ్ళు మండింది.

పన్నెండో పేరు కస్తూస్‌ది. బెలారుస్‌లోని గ్రోద్నోలో ట్రాలీబస్ డ్రైవరు. ఎన్నికల తర్వాత డ్రైవర్లందరి చేతా బళ్ళు ఆపించాడు. ఎనిమిదేళ్ళు వేశారు. లోపలికి వెళ్ళి రెండేళ్ళ నాలుగు నెలలు. నిన్న జాబితా టైపు చేసింది ఈ ఆఫీసు అనువాదకురాలు ఉల్యానా. ఆమె కస్తూస్ భార్య.

పొద్దున్న మొదటి ప్రతి పంపింది బ్రాండెల్. రెండో ప్రతి వెళ్ళింది ఆమె కంప్యూటర్ నుంచే.

*

"ఏంటి వైదా, ఆలస్యంగా వచ్చావు? తెల్లారలేదా మీ స్టేషన్లో?"

వసారాలో గోడకి ఆనుకుని ఆర్విదస్ నిలబడి ఉన్నాడు. ఎనిమిదేళ్ళు ఒకే గదిలో పనిచేశాం. తర్వాత అతను భద్రతా శాఖకి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ ఎక్కడ కేసు మీద చెయ్యి వేద్దామన్నా నాకంటే ముందు అతని చెయ్యి అక్కడుంటుంది.

"నువ్వు ముందే వచ్చి ఏం చేశావు నాయనా? గోడ పడిపోకుండా పట్టుకున్నావా?"

"కేసు తేల్చేశాను. తలుపు దగ్గర కార్డు లెక్క చూడు. ఆ పిల్ల పదీ ఒకటికి లోపలికొచ్చింది. పదీ అయిదుకి మెయిల్ వెళ్ళింది. గదిలో ఇంకెవరూ లేరు. అవతలివాళ్ళు కొనేశారు. ఒంటిగంటకి అరెస్టు చేసి తీసుకెళ్తాను."

"సొంత మొగుడి పేరు తీసెయ్యడానికి ఏం ఇస్తే ఒప్పుకుంటుందోయ్ ఆడది?"

"అది అక్కడ కూర్చోబెట్టి అడుగుతాను."

"మూడు వరకు ఆగు. మూడు దాటితే నిజం తెలిసినా గాడిద గుడ్డే."

"రెండు," అన్నాడు. "పాత స్నేహానికి ఒక గంట."

*

ఉల్యానాకి ముప్పై అయిదు లోపే ఉంటాయి. జుట్టు బిగించి ముడి వేసుకుంది. ఒళ్ళో చేతిసంచి ఉంది, దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. నేను కుర్చీ లాక్కుని ఎదురుగా కాక పక్కన కూర్చున్నాను.

"పేరు మీరే తీశారా?"

"కాదు మేడం."

"మరి ఎవరు?"

"తెలీదు."

"పదీ ఒకటికి వచ్చారు. కోటు విప్పి తగిలించి, కంప్యూటర్ తెరిచి, పదీ అయిదుకల్లా ఏడు దేశాలకి మెయిల్. నాలుగు నిమిషాలు. దారిలోనే నిర్ణయం అయిపోయి ఉండాలి. రాత్రి నిద్రపోలేదు కదూ?"

ఆమె సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

నేను ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని ఇదే. భయం ఉంది, సరే. ఇంత దూరం వచ్చి ఒడ్డు జారిపోయిన మనిషి ముఖంలో ఏడుపు ఉండాలి కదా, అది లేదు. దానికి బదులు కళ ఉంది. పెళ్ళికూతుళ్ళ ముఖాల్లో ఉంటుందే, ఎంత దాచుకున్నా దాగనిది, ఆ కళ. రెండు నిమిషాలకోసారి ఆమె కుడిచెయ్యి సంచి వదిలి జాకెట్టు జేబు తడిమి వెనక్కి వస్తోంది.

నా డబ్బాలోంచి నల్లరొట్టె, జున్ను తీసి సగం ఆమె ముందు పెట్టాను. ముట్టలేదు.

"ఉత్తరం ఎప్పుడొచ్చింది?" అన్నాను.

ఆమె ఉలిక్కిపడింది. చెయ్యి జేబు మీదకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"మీకెలా తెలుసు?"

"తెలిసినట్టే ఉంది మీ ముఖం. ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం ఆరున్నరకి." జేబు గుండీ విప్పింది. "పద్నాలుగు నెలలైంది మేడం. పద్నాలుగు నెలల తర్వాత. మెట్ల మీద ఎవరో నిలబడి ఉన్నాడు. పోయిన వారం అదే జైలు నుంచి వదిలేశారట. కాలి మేజోడులో దాచి తెచ్చానన్నాడు. టీ తాగి వెళ్ళమంటే ఆగలేదు. టోపీ కూడా తియ్యలేదు. నేను మెట్ల మీదే కూర్చుని చదివాను."

జేబులోంచి తీసి ఇచ్చింది. గళ్ళ కాగితం, నాలుగు మడతలు.

'ఉల్యా, జాబితాలోంచి నా పేరు తీసెయ్. క్షమాభిక్ష కాగితం మీద నేను సంతకం పెట్టను. తలకి సంచి తొడిగి సరిహద్దు దాటిస్తే నడుచుకుంటూ వెనక్కొస్తాను. నా చోటు ఇంకొకరికి పనికొస్తుంది. ఎవరికీ చెప్పకు, చెబితే నీ మనసు మారుస్తారు. నా కోసం ఎవరి కాళ్ళూ పట్టుకోకు. నీ కస్తూస్.'

"చదివారు కదా," అంది. "అలాంటి మనిషే ఆయన. రమ్మంటే రాడు. రావద్దంటే ముందుంటాడు. ఆయన్ని నా కళ్ళతో చూసుకోవాలని నాకెంత ఉంటుందో మీకు చెప్పినా అర్థం కాదు. గుమ్మంలో చెప్పుల చప్పుడైతే ప్రాణం లేచొస్తుంది. అయినా తీసేశాను. ఆయన అడిగాడు. ఇన్నాళ్ళకి నన్ను ఒక్కటి అడిగాడు."

అర్థం కాదంది గానీ నాకు అర్థమైంది. మా ఆయన క్లైపెదా రేవులో ఓడెక్కి అయిదేళ్ళు. ఉన్నాడనీ లేడనీ ఎవరూ చెప్పలేదు. నేను ఇప్పటికీ రాత్రిపూట తలుపు పై గడియ వెయ్యను. ఆయన దగ్గరున్న తాళంచెవి కింది తాళానికే పడుతుంది.

ఆ సంగతి ఆమెకి చెప్పలేదు. ఉత్తరం పై మూల చూస్తున్నాను. అక్కడ చిన్న సున్నా చుట్టి, లోపల 62 అని ఉంది.

"ఇదేమిటి?"

"నంబరు. లోపలివాళ్ళంతా వేస్తారు. జైల్లో ఉత్తరాలు చదివే అధికారి సగం ఆపేస్తాడు కదా. నంబరుంటే ఏవి ఆపాడో మాకు తెలుస్తుంది. కస్తూస్ ప్రతి ఆదివారం ఒకటి రాస్తాడు. డ్యూటీలో ట్రిప్పు షీటు నింపినట్టే. చేరినా చేరకపోయినా నంబరు మాత్రం తప్పడు."

"మిగతావి ఎక్కడున్నాయి?"

"నా సొరుగులో. ఇంట్లో ఒంటరిగా ఉంచడం ఇష్టం లేక ఇక్కడికి తెచ్చుకున్నాను."

*

పన్నెండూ నలభై. ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాం. సొరుగు తాళం గీతలు పడకుండా శుభ్రంగా ఉంది. లోపల అట్ట ఫైలు, దానికి నీలం రిబ్బను. ఆమె విప్పబోతే ఆపి ముడి చూశాను. రెండు చెవుల మామూలు ముడి.

"ఎప్పుడూ ఇలాగే కడతారా?"

"లేదు. నేను ఒక్క చెవే వేస్తాను. ఇది..." ఆలోచించింది. "మార్చి చివర్లో బ్రాండెల్ గారు అడిగి తీసుకున్నారు. రాజధానులకి పంపే నివేదికలో ఖైదీ పరిస్థితి రాయడానికి. గంటలో తిరిగిచ్చేశారు. ఆయన కట్టిన ముడే అయ్యుంటుంది. అప్పట్నుంచీ తెరవలేదు. చదువుకుంటే ఆ రోజంతా పని సాగదు."

ఉత్తరాలన్నీ బల్ల మీద నంబరు వరసన పరిచాను. ముప్పై తొమ్మిది. మొదటిది 1, ఆఖరిది 61. పది తర్వాత పన్నెండు, పన్నెండు తర్వాత పదిహేను. ఇరవై రెండు ఉత్తరాలు దారిలోనే పోయాయి. 61 వచ్చింది పోయిన ఏడాది ఫిబ్రవరిలో.

"ఉల్యానా, ఇలా చూడండి. ఒకటి నుంచి అరవై ఒకటి వరకు అన్ని ఆదివారాలూ ఉన్నాయి. ఆపేసినవాటికి కూడా నంబరుంది. తర్వాత పద్నాలుగు నెలలు. అంటే అరవై ఆదివారాలు. నిన్న వచ్చినదాని మీద ఎంత ఉండాలి?"

ఆమె 61 నంబరు ఉత్తరం అంచు సరిచేసింది.

"నూట ఇరవై దరిదాపుల్లో ఉండాలి. అరవై రెండు ఉంది."

"చీకటి గదిలో పెట్టి ఉంటారు," అంది గబగబా. "కలం ఇవ్వరు అక్కడ. కాగితం ఇవ్వరు. అందుకని రాయలేదు."

"అంటే మీరు ఆ నంబరు నిన్ననే చూశారు."

"చూశాను." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చూశాను మేడం. చూసి, చూడలేదనుకున్నాను. ఉత్తరం వచ్చింది. ఎన్నో నంబరైతే నాకేం?"

నాకు ఆమెను ఇంకేం అడగాలనిపించలేదు. కానీ గడియారం ఆగదు. కొత్త ఉత్తరం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. అద్దానికి ఆనించి, కింద ఒక్కొక్క పాత ఉత్తరం పెట్టి, సంతకం మీద సంతకం కలిపి చూడటం మొదలుపెట్టాను. ఎవరూ తమ పేరు రెండుసార్లు ఒకేలా రాయలేరు. కొక్కెం కాస్త పొడుగవుతుంది, గీత కాస్త వాలుతుంది. ఇరవై ఆరు ఉత్తరాలు కలవలేదు. ఇరవై ఏడోది, 48 నంబరుది, వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది. కొక్కెం మీద కొక్కెం, చుక్క మీద చుక్క.

"ఇది కస్తూస్ రాసింది కాదు," అన్నాను. "48 మీద కాగితం పెట్టి దిద్దారు."

ఉల్యానా కిటికీ దగ్గరికి వచ్చి తనే చూసింది. చాలాసేపు చూసింది. ఆ పెళ్ళికళ నా కళ్ళముందే ఆమె ముఖంలోంచి దిగిపోయింది. దాన్ని దింపింది నేనే. నిజం తేల్చడం నా ఉద్యోగం గనక తేల్చాను గానీ, ఆ క్షణంలో ఆ ఉద్యోగం మీద అసహ్యం పుట్టింది.

జైలువాళ్ళే దిద్ది ఉంటే, ఆపేసిన ఉత్తరాలు వాళ్ళ దగ్గరే ఉంటాయి కాబట్టి వాళ్ళకి సరైన నంబరు తెలుసు. అరవై రెండు అని వేసినవాడికి ఈ ఫైల్లో ఉన్నవే తెలుసు. అంటే ఆ మనిషి జైల్లో లేడు. ఈ అంతస్తులోనే ఉన్నాడు.

వసారాలో నకళ్ళ యంత్రం ఉంది. ఎవరి అంకె కొడితే వాళ్ళ పేరు మీద లెక్క పడుతుంది. గుమస్తాని పిలిచి మార్చి లెక్క తీయించాను. ఇరవై ఆరో తేదీ, సాయంత్రం అయిదూ యాభై, ముప్పై తొమ్మిది పేజీలు. బ్రాండెల్.

*

రెండు కొట్టింది. ఆర్విదస్ తలుపులో నిలబడ్డాడు.

"గంట అయిపోయింది వైదా. ఆమెను పంపు."

"ఆమె మోసపోయింది. మోసం చేసింది పక్క గదిలో ఉన్నాడు."

"ఏడు దేశాల మనిషి మీద చెయ్యి వేస్తావా? నీకు పింఛను అక్కర్లేదా?"

"నీకు సిగ్గు అక్కర్లేనట్టే."

అతను నవ్వలేదు. నేను చెప్పాల్సింది రెండు నిమిషాల్లో చెప్పాను. నంబర్లు, సంతకం, నకళ్ళ లెక్క. ఆర్విదస్ మొండివాడే గానీ మూర్ఖుడు కాడు. 48నీ కొత్తదాన్నీ తనే అద్దానికి పెట్టి చూశాడు.

"మెయిల్ పంపింది మాత్రం ఆమే," అన్నాడు చివరికి. "నిజం తేలేదాకా ఆమె కంప్యూటర్ నాది. ఎవరూ ముట్టడానికి లేదు." అని ఆమె బల్ల ముందు కుర్చీలో కూర్చున్నాడు.

*

బ్రాండెల్ గదిలోకి నేను వెళ్ళినప్పుడు రెండూ ఇరవై అయిదు. రెండు ఉత్తరాలూ, లెక్క కాగితమూ అతని ముందు పెట్టాను. చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"దీన్ని నేను ధ్రువీకరించలేను. ఖండించనూ ఖండించను."

"మీ పట్టికలో ఏ మెట్టది?"

"మీరు కోపంలో ఉన్నారు."

"తీవ్ర కోపంలో ఉన్నాను. ఇంకో మెట్టెక్కితే బాగుండదు. ఎందుకు చేశారు?"

అతను లేచి తలుపు దగ్గరగా వేశాడు. గడియ పడలేదు. తిరిగొచ్చి కూర్చున్నాక, అతని మాటల్లోంచి ఆఫీసు భాష మొదటిసారిగా జారిపోయింది.

"మూడు వారాల కిందట కబురొచ్చింది. పదకొండు మంది అయితే ఇస్తారు. పన్నెండోవాడు ఉంటే ఒక్కరినీ ఇవ్వరు. నేనేం చెయ్యను? ఏడు రాజధానుల ముందు పెడితే నెల రోజులు వాదించుకుంటారు. ఈలోగా ఆ పదకొండు మందిలో ఉన్న లైబ్రరీ ఆవిడ లుద్మిలా ఉబ్బసంతో చచ్చిపోతుంది. ఉల్యానాని పిలిచి నీ భర్తని వదులుకో అని అడగనా? ఆయనే వద్దన్నాడంటే ఆమె తలెత్తుకుని బతుకుతుంది. నేను ఆమెకి కాస్త గౌరవం మిగిల్చాను."

"దొంగ ఉత్తరంతో, దాన్ని తెచ్చిన దొంగ ఖైదీతోనా?"

"పదకొండు మంది ఇన్‌స్పెక్టర్ గారూ. పదకొండు ఇళ్ళు."

ఆ లెక్క నేను కాదనలేకపోయాను. అదే నాకు ఇంకా కంటగింపు.

"వాళ్ళెందుకు ఈ ఒక్క పేరుకి భయపడ్డారు? అడిగారా?"

బ్రాండెల్ కిటికీ వైపు చూశాడు.

"మీరు అడిగారు. వాళ్ళు చెప్పారు. మీరు దాచారు," అన్నాను. "చెప్పండి."

"కస్తూస్‌ని పోయిన ఏడాది ఫిబ్రవరిలో జైలు నుంచి ఆసుపత్రికని తీసుకెళ్ళారు," అన్నాడు నెమ్మదిగా. "ఏ ఆసుపత్రికో చెప్పలేదు. ఆ రోజు తర్వాత అతని మీద ఒక్క కాగితం లేదట. పేరు జాబితాలో ఉంటే మనిషిని చూపించాలి. చూపించలేరు."

వెనక తలుపు చప్పుడైంది. ఉల్యానా గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు.

ఏడవలేదు. గోడ గడియారం చూసింది. రెండూ నలభై ఎనిమిది.

"లుద్మిలా వాళ్ళమ్మ వారంవారం ఇక్కడికొస్తుంది," అంది నాతో. "మనవరాలికి జడ వేయించి తీసుకొస్తుంది. అమ్మ వచ్చేరోజు ఇదేనేమో అని ప్రతిసారీ వేయిస్తుంది. నేను కస్తూస్ పేరు మళ్ళీ పెడితే వాళ్ళెవరూ రారు కదా?"

"రారు," అన్నాడు బ్రాండెల్.

"అయితే పెట్టను. కానీ ఊరుకోను."

గబగబా తన బల్ల వైపు నడిచింది. మేమిద్దరం వెనకాల. ఆర్విదస్ కుర్చీలోంచి కదల్లేదు.

"లేవండి," అంది.

"కుదరదమ్మా. ఇది సాక్ష్యం."

"పంపినవాళ్ళు గడువులోగా సవరించవచ్చు. పదీ అయిదుకి పంపింది నేను. ఇంకా తొమ్మిది నిమిషాలుంది."

"ఇలా ఎప్పుడూ జరగలేదు," అన్నాడు బ్రాండెల్. "జాబితాలో పేర్లే ఉంటాయి. వేరే వాక్యం ఉండటానికి వీల్లేదు."

నేను ఆర్విదస్ వైపు చూశాను. ఏమీ అనలేదు. అంటే మొండికేస్తాడని తెలుసు. అతను ఆమెనూ గడియారాన్నీ మార్చి మార్చి చూసి, నిట్టూర్చి లేచాడు.

"మూడు దాటాక స్వాధీనం చేసుకుంటాను," అన్నాడు. "అప్పటిదాకా నేను సిగరెట్టు కాల్చుకుంటున్నాను. ఏం చూడలేదు."

పదకొండు పేర్లూ అలాగే ఉంచింది. వాటి కింద రెండు వాక్యాలు రాసింది. 'కస్తూస్ ఎక్కడున్నాడు? అతను నంబరు వేసి సొంత చేత్తో రాసిన ఒక ఉత్తరం అతని భార్యకి ఇప్పించండి.' విడుదల అనలేదు. ఆందోళన అనలేదు. రెండూ యాభై ఏడుకి పంపింది.

మూడు నిమిషాలు ఆ గదిలో ఎవరూ కదల్లేదు. ఏడు దేశాల్లో ఏ ఒక్కరు నోరెత్తినా ఆ వాక్యాలు పోతాయి. మూడు కొట్టింది. ఒక్క జవాబూ రాలేదు. పొద్దున్న కస్తూస్‌ని తుడిచేసిన ఆ మర్యాదే ఇప్పుడు అతని మీద ప్రశ్నని సరిహద్దు దాటించింది.

*

నాలుగూ ఇరవై రెండుకి బ్రాండెల్ బల్ల మీద ఫోను మోగింది. దూత. అందరికీ వినిపించేలా పెట్టమన్నాను.

"కాగితం తీసుకున్నారు," అన్నాడు దూత. "పదకొండు మందినీ శుక్రవారం పొద్దున్న సరిహద్దు దగ్గర అప్పగిస్తారు. ఖాయం."

బ్రాండెల్ కళ్ళు మూసుకున్నాడు. ఆ మనిషిని మొదటిసారి చూసినట్టనిపించింది.

"కింద రాసినదానికి?" అన్నాను.

"అది చదివి బయటికెళ్ళారు. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు. తర్వాత చెప్పారు. ఉత్తరం సిద్ధంగా ఉందట. కానీ ఎవరి చేతికీ ఇవ్వరట. భార్య స్వయంగా రావాలట. రేపు పదింటికి, చెక్‌పోస్టు అవతల."

"నంబరెంతో అడగండి," అంది ఉల్యానా.

"అడిగానమ్మా. వచ్చి చూసుకోమన్నారు."

ఫోను పెట్టేశాడు. ఉల్యానా లేచి కొక్కేనికున్న కోటు తీసుకుంది. సంచి తెరిచి పాస్‌పోర్టు ఉందో లేదో చూసుకుంది.

"కూర్చోండి," అన్నాను. "పద్నాలుగు నెలలుగా కాగితమే లేదన్నవాళ్ళకి ఇరవై నిమిషాల్లో ఉత్తరం ఎక్కణ్ణుంచి వచ్చింది? చెక్‌పోస్టు దాటిన మరుక్షణం మీ చేతికి సంకెళ్ళు వేస్తారు. ఆయన గురించి అడిగే నోరు మీదొక్కటే. దాన్ని మూయడానికే పిలుస్తున్నారు."

"తెలుసు మేడం." కోటు గుండీలు పెట్టుకుంటోంది. "వల అని నాకూ తెలుసు. ఆరున్నర బస్సుంది."

"తెలిసీ వెళ్తారా?"

"నూటికి ఒక పాలు నిజంగా రాసి ఉంటే? ఆ గది బయట నేను నిలబడకపోతే ఇంకెవరు నిలబడతారు?" నా కళ్ళలోకి సూటిగా చూసింది. "మీరైతే వెళ్ళరా?"

వెళ్తాను. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్తాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. అది బయటికి వస్తే ఆమెను ఆపే హక్కు నాకు ఉండదు.

"ఆర్విదస్," అన్నాను. "ఆమెను అరెస్టు చెయ్."

అతను నోరు తెరిచాడు. "ఇప్పుడా? పొద్దున్నించీ వద్దని నా పీక మీద కూర్చుని?"

"ఇప్పుడే. జాబితా తారుమారు చేసిన నేరం. నువ్వు రాసుకున్న కాగితమే చాలు. కనీసం పది రోజులు బయటికి రానివ్వకు. పాస్‌పోర్టు నాకియ్యి."

ఆర్విదస్ నన్ను చూసి, ఆమెను చూసి, విషయం అర్థమై తల దించుకున్నాడు. ఆమె దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు. ఉల్యానా పెనుగులాడలేదు. పాస్‌పోర్టు ఇచ్చేసింది.

"మీరు కూడానా మేడం," అంది.

నేను ఆ పాస్‌పోర్టు అందుకుని జేబులో పెట్టుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"లోపల కాగితం, కలం ఇస్తారా?"

ఇస్తారని చెప్పాను.